అరిచి చూపించండి

మా మేనత్త ఎవరిని కలిసినా ముందు క్షేమసమాచారాలు అడిగేది. రెండో ప్రశ్న మాత్రం లోకంలో ఇంకెవరూ అడగనిది: మీ వైపు చెట్ల మీద ఈమధ్య ఏదైనా పురుగు అరుస్తోందా అని. పొరపాటున అవునన్నారా, ఇక తప్పించుకోలేరు. "ఎలా అరుస్తోంది? ఒకసారి అరిచి చూపించండి" అనేది. అరిచి చూపించేదాకా తను కుర్చీలోంచి లేచేది కాదు, ఎదుటివాళ్ళను లేవనిచ్చేది కాదు.

ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళు మొదట ముఖాలు వేలాడేసుకునే కూర్చున్నారు. తర్వాత ఒకాయన మెల్లగా, మీ అత్తగారు నన్ను లిఫ్టులో అరిపించారు బాబూ అన్నాడు. ఏ పాట అని ఇంకొకావిడ అడిగింది. ఆయన అరిచాడు. అది కాదు, నాది ఇలా ఉండేది అని ఆవిడ అరిచింది. పావుగంటలో మా ముందుగది అడవైపోయింది.

అత్త మ్యూజియంలో పురుగుల గదిలో పనిచేసేది. గది నిండా బల్లపరుపు సొరుగులు, ప్రతి సొరుగులో సూదులకు గుచ్చిన పురుగులు, ప్రతి సూది కింద గోరంత కాగితం మీద ఆవాలంత అక్షరాలు. గదిలోకి వెళ్ళొస్తే రెండు రోజులు చొక్కాకు కలరా ఉండల వాసన. చీడపురుగులు, సీతాకోకచిలుకలు అన్నీ అక్కడ ఉన్నా ఆవిడ ప్రాణం మాత్రం ఇలకోళ్ళ మీద.

ఇలకోడి అంటే కీచురాయేగా అన్నవాళ్ళతో ఆవిడ ఆ పూటకి మాట్లాడేది కాదు. చీకటి పడ్డాక గడ్డిలో కిర్రుమనేది కీచురాయి. ఎండ కాస్తుండగా చెట్టు మానుకు అతుక్కుని చెవులు చిల్లులు పడేలా అరిచేది ఇలకోడి. ఏళ్ళ తరబడి నేల లోపల వేళ్ళ రసం తాగుతూ బతికి, ఒక వేసవిలో పైకొచ్చి, మానెక్కి, వీపు మీద పొర చీల్చుకుని రెక్కలతో బయటపడుతుంది. అరిచేది మగది మాత్రమే. "ఆడది నోరెత్తదు, వింటుంది. నచ్చితే వెళ్తుంది, నచ్చకపోతే పక్కచెట్టు వింటుంది" అని, మా నాన్న గొంతు పెంచినప్పుడల్లా గుర్తుచేసేది.

ఒక్కో జాతికి ఒక్కో పాట, ఒక్కో చెట్టు, ఒక్కో వేళ. పక్కపక్కన పెడితే కవలల్లా ఉన్న రెండు జాతులు కూడా పాట దగ్గర దొరికిపోతాయట. అందుకే పాట ముఖ్యం. అందుకే అందరూ అరవాలి. పేరు మాత్రం ముందుగా ఎవరూ అనకూడదు. "పేరు తెలిస్తే చెవి బద్ధకిస్తుంది. ముందు అరుపు, తర్వాత పేరు" అనేది అత్త. ఇది ఆవిడ శాసనం.

పంటి డాక్టరు సంగతి చెప్తాను. అత్త నోట్లో రెండువైపులా దూది కుక్కి, ఆయన మాటల సందర్భంలో, మా ఆస్పత్రి వెనక చెట్టు మీద ఏదో పొద్దున్నే చంపుకు తింటోందండీ అన్నాడు. అత్త దూది తీసి ట్రేలో పెట్టింది. డాక్టరు ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయన ముఖానికున్న గుడ్డ కిందికి లాగి, కళ్ళు మూసుకుని, "ర్ర్ర్ర్ర్ర్-చిక్, ర్ర్ర్ర్ర్ర్-చిక్" అన్నాడు. సరిపోలేదు. చిక్ ముందా వెనకా అని తేలేదాకా ఐదుసార్లు అన్నాడు. బయట వరసలో కూర్చున్న నలుగురిలో ఇద్దరు, లోపల డాక్టరే అలా అరుస్తుంటే మన గతేమిటని లేచి వెళ్ళిపోయారు.

బస్సులో ఇంకా ఘోరం. ఒకసారి కండక్టరును అరిపించింది. వెనక సీట్లో పెద్దమనిషి అది అలా కాదన్నాడు. ఊరు దాటేసరికి బస్సు రెండు పార్టీలైంది. జీ అనేవాళ్ళు అటువైపు, రీ అనేవాళ్ళు ఇటువైపు. డ్రైవరు చాలాసేపు ఓపిక పట్టి, చివరికి బండి పక్కకు ఆపి, వెనక్కి తిరిగి తన తీర్పు తను అరిచి, మళ్ళీ బండి తీశాడు.

నా పెళ్ళి మాటలకు వచ్చిన కాబోయే మామగారు రిటైర్డ్ జడ్జి. జీవితంలో గట్టిగా నవ్విన మనిషి కాదు. అత్తను లోపలే ఉంచమని నేను అమ్మను బతిమాలుకున్నాను. ఫలితం లేకపోయింది. కొండప్రాంతంలో పనిచేసిన రోజుల గురించి చెప్తూ ఆయన, కోర్టు వరండాలో ఏవో పురుగుల రొదకి సాక్షుల మాట వినపడేది కాదని నోరు జారారు.

"అన్నయ్యగారూ, ఒక్కసారి అరిచి చూపించండి."

ఆయన తన భార్య వైపు చూశారు. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. నేను పెళ్ళి ఆశ వదులుకున్నాను. మామగారు గొంతు సవరించుకుని, వెన్ను నిటారుగా పెట్టి, శిక్ష ఖరారు చేస్తున్నంత గంభీరంగా, "క్రీఈఈఈఈ" అన్నారు. తర్వాత ఆయనే, "చివర కొంచెం తగ్గుతుందమ్మా, ఉండు, మళ్ళీ అంటాను" అన్నారు. పెళ్ళి కుదిరింది. మర్నాడు అత్త ఆయన్ని మ్యూజియంకి కూడా తీసుకెళ్ళి అరిపించిందని తర్వాత తెలిసింది.

మ్యూజియంలో అరిపించడానికి కారణం పెద్దాయన. ఆయన ఆ గదికి ఒకప్పటి అధికారి, అత్తకు పని నేర్పిన గురువు. రిటైరై చాలా ఏళ్ళయినా సరిగ్గా పదింటికి గొడుగు పట్టుకుని వచ్చి, కిటికీ పక్క చిన్న బల్ల ముందు కూర్చునేవాడు. అత్త ఆయన ఎదురుగా నిలబడి, ముందురోజు ఎవరెవరిని అరిపించిందో అవన్నీ అరిచి వినిపించేది. వీలైతే ఆ మనిషినే తెచ్చి ఆయన ముందు నిలబెట్టేది. ఆమె నోట్‌బుక్కు నేను చూశాను. "పాలాయన: గ్ర్ర్ర్, ఆపి, గ్ర్ర్ర్. (మధ్యలోది దగ్గు. లెక్కలోకి తీసుకోరాదు.)" పెద్దాయన కళ్ళు మూసుకుని వినేవాడు. పంటి డాక్టరు అరుపు విని, "సాన ఇలకోడి. ఎనిమిదిన్నర లోపే అరుస్తుంది. ఆస్పత్రి వెనక చెట్టుకు బెరడు గరుకుగా ఉంటుంది చూడు" అన్నాడట. వెళ్ళి చూస్తే గరుకుగానే ఉంది.

ఆయన ఇరవై ఏళ్ళుగా ఒక పుస్తకం రాస్తున్నాడు. ఆ చుట్టుపక్కల అడవిలోని ఇలకోళ్ళు మొత్తం పదిహేను జాతులు. జాతికొక పేజీ: ఎలా ఉంటుంది, ఏ చెట్టు మీద ఉంటుంది, ఎన్నింటికి అరుస్తుంది, ఏమని అరుస్తుంది. పద్నాలుగు పేజీలు ఎప్పుడో పూర్తయ్యాయి. పదిహేనోదానికి ఉన్నదల్లా ఎవరో ఎప్పుడో పట్టి తెచ్చిన ఒక ఎండు పురుగు. ఆకుపచ్చ రెక్కలు, బొటనవేలంత శరీరం. కింది కాగితం మీద "వాగు గట్టు, నల్లమానుల చోటు" అని మాత్రం ఉంది. పాట ఎవరికీ తెలియదు. పది వేసవులు వరసగా పెద్దాయనా అత్తా అడవంతా గాలించారు. వినని పాటను రాయనని ఆయన పట్టు. ఆ పేజీ లేకుండా పుస్తకం ఇవ్వనని ఇంకో పట్టు.

కొత్తగా వచ్చిన డైరెక్టరు చురుకైనవాడు. ఈ వేసవే ఆఖరు, వానలు పడేలోగా పేజీ నిండకపోతే పద్నాలుగింటితోనే అచ్చు వేయిస్తానన్నాడు. అంతగా కావాలంటే అడవిలో రికార్డింగ్ యంత్రాలు పెట్టిస్తాను, పెద్దాయన ఇక్కడే కూర్చుని విని గుర్తుపట్టవచ్చు అని కూడా అన్నాడు. ఎవరికైనా మంచి మాటే. అత్తకు మాత్రం కోపం వచ్చింది. "యంత్రం సంగతి తర్వాత. ముందు మీకెన్ని పాటలు వచ్చో చూద్దాం. సాన ఇలకోడి అరిచి చూపించండి" అంది. డైరెక్టరు నవ్వేశాడు. అత్త నవ్వలేదు, పక్కకు జరగలేదు, తలుపుకు అడ్డంగా నిలబడింది. రెండు పాటలయ్యాక ఆయన ఫోనొచ్చినట్టు నటించి బయటపడ్డాడు. ఆ గదిలో యంత్రం మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. పుస్తకం మా దగ్గరికే రావాలి కాబట్టి, పేజీ నిండుతుందో లేదో కళ్ళారా చూద్దామని ఆ వేసవిలో వాళ్ళ వెంట వెళ్ళాను. బస్సు దిగి రెండు గంటలు నడక. ముందు అడవి గార్డు, వెనక గొడుగుతో పెద్దాయన, ఆ వెనక అత్త, చివర భోజనం క్యారియర్లతో నేను. వాగు చాలావరకు ఎండిపోయింది. రాళ్ళ మధ్య అక్కడక్కడా మోకాటిలోతు నీళ్ళు. ఒక మలుపు తిరిగాక గట్టు మీద తారు పూసినట్టు నల్లటి మానులు ఏడెనిమిది నిలబడి ఉన్నాయి. గార్డు క్రితం వారమే ఈ చోటు చూశాడట.

పదిన్నర దాకా మిగతా ఇలకోళ్ళ గోల. మన మాట మనకు వినపడదు. తర్వాత ఎవరో చెప్పినట్టు అన్నీ ఒకేసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నాకు వినిపించింది. అది అరుపు కాదు. గాజుపలక మీద సూదితో గీస్తే వచ్చే చప్పుడు. అంత సన్నం. పళ్ళు జివ్వుమన్నాయి. రెండు పొడుగు గీతలు, మూడు పొట్టివి, తర్వాత జారిపోతూ ఒకటి. మళ్ళీ మొదటికి.

నేను అత్తను చూశాను. అత్త కళ్ళు ఇంతింతయ్యాయి. గార్డు కూడా తల పైకెత్తాడు.

పెద్దాయన సరిగ్గా ఆ మాను కిందే, చెవి వెనక చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పురుగు ఆయన తలకు నాలుగడుగుల పైన ఉంది. ఇలకోడి తాగిన రసమంతా నీళ్ళుగా వదిలేస్తుంది. ఆ నీళ్ళు ఆయన మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఆయన ఆకాశం వైపు చూసి, గొడుగు తెరిచి, "ఈ ఏడూ లేదమ్మా. చినుకులు కూడా మొదలయ్యాయి. పదండి, భోంచేసి వెళ్దాం" అన్నాడు.

పది వేసవులు వెతికిన పురుగు నెత్తిమీద పాడుతోంది, ఆయన గొడుగు పట్టుకుని వెళ్ళిపోతున్నాడు. నేను నోరు తెరిచాను. అత్త నా మోచేతి మీద గిల్లిన గిల్లుడుకు మచ్చ ఇప్పటికీ ఉందని నా నమ్మకం.

"సార్, ఒక్క నిమిషం. వీడికేదో వినిపించినట్టుంది. ఏరా, ఏం వినిపించింది? పేరు గీరు చెప్పకు. అరిచి చూపించు."

అరిచాను.

"అది పిల్లిరా. పురుగులా అరువు."

మళ్ళీ అరిచాను. మధ్యలో దగ్గొచ్చింది. గార్డు జాలిపడి నాతో గొంతు కలిపాడు. యూనిఫారం, టోపీ, చేతిలో కర్ర, నోట్లో పురుగు. మేమిద్దరం వాగు మధ్య రాళ్ళ మీద నిలబడి రెండు పొడుగు, మూడు పొట్టి, ఒక జారుడు చొప్పున పాడుతుంటే పెద్దాయన ఆగాడు. గొడుగు మూశాడు. కళ్ళు మూసుకుని, వేలితో గాల్లో లెక్కవేయడం మొదలుపెట్టాడు. ఆ ముఖం మీద పదేళ్ళ వయసు తగ్గిపోవడం నేను చూశాను.

"మళ్ళీ."

పాడాం.

"ఈ కొలత నేనెప్పుడూ వినలేదు" అన్నాడాయన. "ఏ చెట్టు?"

అత్త వేలు చూపించింది. ఆయన కళ్ళకు ఏ లోటూ లేదు. బైనాక్యులర్స్ పెట్టి ఒక్క క్షణంలో పట్టేశాడు, నల్లమాను మీద ఆకుపచ్చ రెక్కలు. తర్వాత రాయి మీద కూర్చుని గంటసేపు రాసుకున్నాడు. మధ్యమధ్య తల ఎత్తి మమ్మల్ని మళ్ళీ పాడమనేవాడు. భోజనం దగ్గర తన క్యారియరు, నా క్యారియరు రెండూ ఖాళీ చేశాడు.

తిరుగు దారిలో ఆయన గార్డుతో కబుర్లాడుతూ ముందు నడుస్తున్నాడు. నేను అత్త పక్కకు చేరి, ఆయనకు ఎప్పట్నుంచి వినపడటం లేదని అడిగాను.

"తొమ్మిదేళ్ళు" అంది అత్త, అడుగు తడబడకుండా. "సన్నటివన్నీ పోయాయి. మనుషుల గొంతు బాగానే వింటారు. ఎవరైనా నోటితో అరిస్తే ఆ కొలత ఇట్టే పట్టేస్తారు. మనకంటే బాగా."

ఆలోచిస్తే నిజమే. నా కాలేజీ రోజుల్లో అత్త ఎవరినీ అరిపించిన గుర్తు లేదు.

"మరి ఆ పంటి డాక్టరేం చేశాడత్తా? మా మామగారేం చేశారు? పెద్దాయన ముందు నువ్వొక్కదానివి అరిస్తే సరిపోయేదిగా."

"ఆయన ఒక్కరి దగ్గరే అరిస్తే ఎందుకా అని ఆయనకు అనుమానం రాదూ? లోకం మొత్తాన్ని అరిపిస్తే అది నా పిచ్చి. పిచ్చికి కారణం ఎవరడుగుతార్రా?"

తొమ్మిదేళ్ళుగా మా ఇంటి పరువు ఎందుకు పోతోందో అప్పుడు తెలిసింది. అత్త మాత్రం, గార్డు నాకంటే బాగా అరిచాడని, నాకు సాధన అవసరమని చెప్తూ బస్టాపు దాకా నడిచింది.

కథ అక్కడ ఆగితే బాగుండేది. కానీ పదిహేనో పేజీ ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. పాట అన్న శీర్షిక కింద పెద్దాయన ఇలా రాశాడు: "గొంతు బొంగురు. మొదట్లో కొంత సంకోచం కనిపించును. మధ్యలో దగ్గు వంటి చిన్న విరామం. ఒక్కోసారి రెండు గొంతులు జతగా పాడును."

అది నేను. ఆ రెండో గొంతు గార్డు. ఇరవై ఏళ్ళ శాస్త్రగ్రంథంలో ఆఖరి పురుగుగా మేమిద్దరం అచ్చవబోతున్నాం.

ప్రూఫు తీసుకెళ్ళి అత్తకు చూపించాను. గోరంత కాగితం మీద ఒక్క అక్షరం తప్పుపడితే చించి మళ్ళీ రాసే మనిషి. చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివింది. దిద్దితే ఆయనకు తెలిసిపోతుంది. దిద్దకపోతే ఆయన పుస్తకాన్ని చూసి తెలిసినవాళ్ళంతా నవ్విపోతారు. రెండు రోజులు ఆవిడ ఎవరినీ అరవమని అడగలేదు. మా పాలాయన తనంతట తానే వచ్చి, అమ్మగారికి ఒంట్లో బాగుందా అని వాకబు చేశాడు.

మూడో రోజు పదింటికి మేమిద్దరం చిన్న బల్ల ముందు నిలబడ్డాం. అత్త ప్రూఫు ఆయన ముందు పెట్టింది.

"సార్, ఇక్కడ బొంగురు అని రాశారు."

"కాదా?"

"కాదు సార్. బొంగురు మావాడిది."

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "దగ్గు?"

"అదీ నాదేనండి" అన్నాను.

ఆయన ప్రూఫులో ఆ మాట మీద వేలు పెట్టాడు. తర్వాత, "మరి అసలుది ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు.

అత్త అరిచి చూపించలేదు. "సన్నంగా సార్" అంది. "చాలా సన్నంగా."

ఆయన పెన్ను మూత తీసి, ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. "అయితే నువ్వే రాయి. విన్నదానివి నువ్వేగా. సన్నటివి నాకు వినపడవని నాలుగేళ్ళ క్రితమే తెలుసులే. మీ అరుపులో పురుగెంతో మనిషెంతో మాత్రం తేల్చుకోలేకపోయాను. మా మనవరాలు, తాతా, కిటికీ బయట చూడు ఎలా అరుస్తోందో అంది. చూస్తే ఎండ తప్ప ఏమీ లేదు."

"నాలుగేళ్ళా? మరి నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెప్తే నువ్వు మానేస్తావుగా. అంతమంది పెద్దమనుషులు వచ్చి నా ముందు నిలబడి అరవడం నేనింకెక్కడ చూస్తాను? ఆ జడ్జిగారు వచ్చిన రోజు ఇంటికెళ్ళి అన్నం కూడా తినలేకపోయాను, నవ్వి నవ్వి." తర్వాత ఆయన ముఖం నిలకడపడింది. "పాట వినకుండా రాయనన్నాను. విన్నాను. కాకపోతే నీ నోట విన్నాను. అదే రాద్దాం."

అత్త కూర్చుని పాత వాక్యాలు కొట్టేసి, "అతి సన్నని పాట. రెండు పొడుగు, మూడు పొట్టి, ఒక జారుడు. వయసు పైబడినవారికి వినిపించకపోవచ్చు" అని రాసింది. పెద్దాయన పెన్ను వెనక్కి తీసుకుని, ఆ కింద తన చేత్తో ఇంకో వాక్యం చేర్చాడు. ప్రూఫులు దిద్దేవాడిగా దాన్ని మార్చే అధికారం నాకుంది. మార్చలేదు. పుస్తకం పదిహేనో పేజీలో ఇప్పటికీ ఉంది: "వినిపించనివారు పక్కవారిని అరిచి చూపించమని అడుగవలెను."

అత్త పోయాక వచ్చిన మొదటి వేసవిలో, అంటే మొన్ననే, ఒక్కణ్ణే ఆ వాగు దగ్గరికి వెళ్ళాను. నేననుకున్నట్టు చోటు ఖాళీగా లేదు. అరవై దాటిన దంపతులు ఒక రాయి మీద కూర్చుని ఉన్నారు. ఆయన ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. ఆయన నాకేం వినపడటం లేదే అంటున్నాడు. ఆవిడకు వినిపిస్తోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆయన పేజీలో ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. ఆవిడ చదివి, నలుగురిలో నన్నిలా అల్లరిపెడతారేమిటన్నట్టు నా వైపు చూసింది. నేను మర్యాదగా వాగు వైపు తిరిగాను.

కాసేపటికి నా వెనక ఒక సన్నటి అరుపు లేచింది. మొదటిసారే బాగా వచ్చింది, నాకంటే ఎంతో నయం. "ఏదీ, మళ్ళీ" అన్నాడాయన. పై కొమ్మ మీది అసలుది ఒక్క క్షణం ఆగింది. తర్వాత, పోనీలే అన్నట్టు, అందుకుంది.